రాముడు లక్ష్మణుణ్ణి "అకృతదారుడు" అన్నాడు, మరి ఊర్మిళ మాటేమిటి?

ప్రశ్న

వాల్మీకి రామాయణాన్ని తాత్పర్యంతో సహా మొదటి నుంచి వరుసగా చదువుతూ వస్తున్నాను. అరణ్యకాండ 18వ సర్గలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. తనను పెళ్లాడమని అడిగిన శూర్పణఖతో రాముడు "కృతదారోఽస్మి భవతి", అంటే తనకు ఇదివరకే పెళ్లయిందని చెప్పి, ఆ వెంటనే తమ్ముణ్ణి చూపిస్తూ "శ్రీమానకృతదారశ్చ లక్ష్మణో నామ వీర్యవాన్" అంటాడు. అకృతదారుడంటే పెళ్లికానివాడనే కదా అర్థం! బాలకాండ 73వ సర్గలో జనకుడు "లక్ష్మణాగచ్ఛ భద్రం తే" అని పిలిచి మరీ ఊర్మిళ చేతిని లక్ష్మణుడి చేతిలో పెట్టాడు. ఆ పెళ్లిపందిట్లో రాముడూ ఉన్నాడు. రెండు మాటలు ఆడనివాడని పేరున్న రాముడు ఇలా ఎందుకన్నాడు? బాలకాండలో ఊర్మిళ వివాహాన్ని తరువాతి కాలంలో ఎవరో చేర్చి ఉంటారని, ఈ శ్లోకమే అందుకు సాక్ష్యమని ఒక మిత్రుడు వాదిస్తున్నాడు. తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం

ఈ చిక్కు పాతదే. "అకృతదారః" అన్న పదానికి "భార్యను వెంట తెచ్చుకోనివాడు" అని అర్థం చెప్పి కొందరు వ్యాఖ్యాతలు సమన్వయం చేశారు. లక్ష్మణుడు ఊర్మిళను అయోధ్యలో విడిచి వచ్చాడు కనుక ఆ అర్థంలో రాముడి మాట అబద్ధం కాదు.

రెండవ సమాధానం

పై సమన్వయం రాముణ్ణి కాపాడడానికి చేసినదే గాని, శ్లోకం చదివితే సహజంగా తోచే అర్థం మాత్రం అది కాదు. "కృతదారోఽస్మి" అన్నచోట ఒక అర్థం, మరుసటి శ్లోకంలోనే "అకృతదారః" అన్నచోట మరొక అర్థం చెప్పుకోవలసి వస్తుంది. పైగా ఆ వెనువెంటనే "అపూర్వీ భార్యయా చార్థీ" అని కూడా ఉంది. భార్యాసుఖం ఎరుగనివాడు, భార్య కావాలని కోరుతున్నవాడు అని. దానికి కూడా మరో మెలిక వేయవలసిందే.

నిజానికి అంత శ్రమ అక్కరలేదు, ఎందుకంటే ఇది పరిహాసమని వాల్మీకి ఆ సర్గలోనే మూడుచోట్ల మనకు చెప్పాడు. మొదటి శ్లోకంలో రాముడు "స్మితపూర్వం", అంటే చిరునవ్వు నవ్వి మాట్లాడాడు. నడుమ, ఆ మాటలను శూర్పణఖ నిజమనుకున్నదని చెబుతూ కవి ఆమెకు వేసిన విశేషణం "పరిహాసావిచక్షణా", అంటే వేళాకోళం పోల్చుకోలేనిది. చివర ఆమె సీత మీదికి ఉరికినప్పుడు రాముడే నాలుక కరచుకున్నట్టుగా, "క్రూరైరనార్యైః సౌమిత్రే పరిహాసః కథంచన న కార్యః" అని, ఇలాంటివారితో పరిహాసమాడకూడదని తమ్ముడితో అంటాడు. అన్నవాడే అది పరిహాసమని ఒప్పుకున్నాక ఆ మాటను లక్ష్మణుడి పెళ్లికి సాక్ష్యంగా తీసుకోవడం ఎలా కుదురుతుంది?

లక్ష్మణుడి జవాబు కూడా చూడండి. తనకు పెళ్లయిందని అతడూ చెప్పడు. తాను అన్నకు దాసుణ్ణని, దాసుణ్ణి కట్టుకుని దాసివి కావడమెందుకని, అన్నకే చిన్నభార్యవు కమ్మని అంటాడు. పైగా సీతను "విరూప, కరాళ, వృద్ధ" అంటూ, ఆమెను వదిలి నిన్నే చేపడతాడంటాడు. విరూప అంటే వికారమైనదీ అవుతుంది, విశిష్టమైన రూపం కలదీ అవుతుంది. అన్నదమ్ములిద్దరూ కలిసి ఆడిన ఆట ఇది. నా మట్టుకు ఆ పరిహాసం రామాయణంలో నాకు అంతగా నచ్చే ఘట్టం కాదు, దాని పర్యవసానమూ మనకు తెలిసిందే. అయినా కవి ఉద్దేశంలో మాత్రం అస్పష్టత లేదు.

మీ మిత్రుడి వాదం నిలవకపోవడానికి మరో కారణముంది. ఊర్మిళ పెళ్లి ప్రస్తావన బాలకాండలో మాత్రమే లేదు. అయోధ్యాకాండ 118వ సర్గలో సీత తన పెళ్లి ముచ్చట అనసూయకు చెబుతూ, "మమ చైవానుజా సాధ్వీ ఊర్మిలా ప్రియదర్శనా" అని, తన చెల్లెలు ఊర్మిళను కూడా తండ్రి స్వయంగా లక్ష్మణుడికి ఇచ్చాడని అంటుంది. బాలకాండ తరువాత చేరిందనే వాదన ఒకటి ఉన్నమాట నిజమే, కాని ఈ ఒక్క శ్లోకం దానికి ఆధారం కాజాలదు.

ప్రశ్న అడిగినవారు

మూడు చోట్ల పరిహాసమని ఉన్నా నేను ఒక్కటీ గమనించలేదు, ధన్యవాదాలు. సత్యవ్రతం సంగతి అడిగితే మా ఇంట్లో పెద్దవారు "వారిజాక్షులందు వైవాహికములందు" అనే పోతన పద్యం చదివి, ఇలాంటిచోట బొంకవచ్చునన్నారు. అది ఇక్కడ వర్తిస్తుందా?

రెండవ సమాధానం ఇచ్చినవారు

ఆ పద్యంలో పరిహాసం మాట లేదు. దానికి మూలమైన సంస్కృత భాగవత శ్లోకంలో మాత్రం "నర్మ" అనే పదం ఉంది, అంటే పరిహాసమే. భారతం ఆదిపర్వంలో శర్మిష్ఠ యయాతితో "న నర్మయుక్తం వచనం హినస్తి" అంటుంది. పరిహాసంగా అన్న మాట దోషం కాదని. అయితే పోతన పద్యం శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి చేసిన బోధ, ఆ బోధను బలి తోసిపుచ్చాడు. శిష్యుడే వినని మాటతో రాముణ్ణి సమర్థించడం ఎందుకు?

మూడవ సమాధానం

చర్చ రాముడి సత్యం మీదికి మళ్లింది గాని, అసలు ప్రశ్న ఊర్మిళ గురించి కనుక ఒక మాట చేరుస్తాను. మఖ నాడు సంబంధం ఖాయమై, మూడవ నాడు ఉత్తర ఫల్గునిలో నలుగురికీ ఒక్కసారే పెళ్లిళ్లు జరిగాయి. సీతా ఊర్మిళలు జనకుడి కూతుళ్లు. మాండవి, శ్రుతకీర్తి అతని తమ్ముడు కుశధ్వజుడి కూతుళ్లు. కోడళ్లు అయోధ్యకు వచ్చినప్పుడు అత్తలు ఎదురేగి తీసుకువెళ్లినవారిలో "ఊర్మిలాం చ యశస్వినీం" అని ఆమె పేరు వినిపిస్తుంది. ఆపైన వనవాసానికి బయలుదేరేటప్పుడు కవి ఆమెను మన ముందుకు తీసుకురాడు. అయోధ్యాకాండ 31వ సర్గలో ఆత్మీయులందరి దగ్గర సెలవు తీసుకొమ్మని రాముడు చెప్పడం, లక్ష్మణుడు "సుహృజ్జనం" దగ్గర సెలవు తీసుకుని ఆయుధాల కోసం వెళ్లడం మాత్రమే ఉంది. ఊర్మిళ దగ్గర తీసుకున్న సెలవు కూడా ఆ ఒక్క మాటలోనే ఇమిడి ఉందనుకోవాలి. సుమిత్ర మాత్రం "రామం దశరథం విద్ధి" అని కొడుకును దీవించి పంపుతుంది.

భర్త నిద్రను కూడా తానే తీసుకుని ఆమె 14 ఏళ్లు నిద్రపోయిన కథ వాల్మీకంలో లేదు. అది మన తెలుగు ఆడవారి పాటలలోది. అందులో లక్ష్మణుడు తిరిగి వచ్చి పడకటింట్లో అడుగు పెడితే, మగతలో ఉన్న ఊర్మిళ మగణ్ణి పోల్చుకోలేక ఎవడో పరాయివాడు వచ్చాడని హడలిపోతుంది. కవి ఊరుకున్నచోట పాడుకునేవారు ఊరుకోలేదు.

ప్రశ్న అడిగినవారు

వారికి సంతానం ఉందా?

మూడవ సమాధానం ఇచ్చినవారు

ఉత్తరకాండ 102వ సర్గలో అంగదుడు, చంద్రకేతువు అని లక్ష్మణుడి కుమారులిద్దరి పేర్లు ఉన్నాయి. ఈ అంగదుడు వాలి కొడుకు కాడు. అతనికి కారుపథ దేశంలో అంగదీయం, చంద్రకేతువుకు మల్లభూమిలో చంద్రకాంతం రాజధానులుగా ఏర్పడ్డాయి. పెద్దవాడి వెంట లక్ష్మణుడు, చిన్నవాడి వెంట భరతుడు వెళ్లి, అక్కడ పాలన కుదుటపడ్డాక అయోధ్యకు తిరిగి వచ్చారు. పట్టాభిషేకాలు జరిగిన ఆ సర్గలోనూ ఊర్మిళ పేరు లేదు.