బూడిద దిబ్బలు: పేడ తగలబెట్టింది పండక్కా, పెంట వదిలించుకోడానికా?

పాలమూరు_కుర్రోడు
మా పాత మహబూబ్‌నగర్ జిల్లా మక్తల్ వైపు ఉట్నూరు అని ఊరుంది (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, ఎవరికి చెప్పినా అదే అనుకుంటారు). అక్కడి బూడిద దిబ్బను (కొత్త రాతియుగం నాటి కాలిన పేడ గుట్ట) 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ తవ్వాడు. లోపల కంచె గుంజలు పాతిన గుంతలు, పశువుల గిట్టల ముద్రలు, పొరలు పొరలుగా కాలిన పేడ బయటపడ్డాయి. కొత్త రాతియుగం వాళ్ళు అడవిలో పశువుల దొడ్లు కట్టుకుని, ఏడాదిలో ఏదో ఒక పండగ వేళ పేరుకున్న పేడకు కావాలనే నిప్పు పెట్టేవాళ్ళని ఆయన తేల్చాడు. మన భోగి, హోలీ మంటలకు మూలం అక్కడ వెతకొచ్చన్నది ఆయన ఊహ. నాకు నచ్చింది, కానీ దీన్ని ఇప్పుడు అందరూ ఒప్పుకోవడం లేదంటున్నారు. మీరేమంటారు?

పెంటకుప్ప_వాది
నేను ఒప్పుకోను. తవ్వకంలో అర్థం కానిది ఏది దొరికినా "పూజకు సంబంధించినది" అని రాసేయడం పురావస్తు శాస్త్రవేత్తలకు అలవాటైపోయింది. వందల పశువులు నెలల తరబడి ఒకేచోట ఉంటే ఏమవుతుందో పల్లెలో పుట్టినవాడెవడైనా చెబుతాడు. ఈగలు, గోమార్లు, వానొస్తే మోకాలి లోతు రొచ్చు. ఎండాకాలంలో అదే పేడ ఎండుతుంది, నిప్పు పెడితే పని అయిపోతుంది. దీనికి దేవుడు ఎందుకు?

సర్కారు_సీమ
కానీ పేడ తగలబెట్టడం ఏంటండీ, బంగారం కదా అది! మా వైపు చేలో గొర్రెల మంద పెట్టిస్తే గొల్లలకు ఎదురు డబ్బిస్తారు.

మట్టిపెంకు
సర్కారు_సీమ గారూ, అది ఎరువు వేసి దున్నే రైతు లెక్క. ఇక్కడ మనం మాట్లాడుతున్నది సుమారు క్రీ.పూ. 3000 నుంచి 1200 మధ్య దక్షిణ దక్కన్‌లో బతికినవాళ్ళ గురించి. బళ్ళారి దగ్గరి సంగనకల్లు-కుప్గల్ వైపు దొరికిన కాలిన గింజల్లో అండు కొర్రల్లాంటి చిరుధాన్యాలు, ఉలవలు, పెసలు ఉన్నాయి. వానను నమ్ముకుని చిన్న చెలకల్లో వేసుకునే పంటలవి. వాళ్ళ సంపదంతా మందలోనే ఉంది. పేడ ఎప్పుడూ చేతికి అందుతున్నంత కాలం దాన్ని దాచుకోవాలన్న తొందర ఉండకపోవచ్చు.

పెంటకుప్ప_వాదికి నా జవాబు వేరు. మంట పెట్టారన్న దానిపై మనిద్దరికీ తగాదా లేదు. ఆ మంట ఎలాంటిదన్నదే ప్రశ్న. కొన్ని దిబ్బల్లో బూడిద చిట్టెంలా గట్టిపడి, గాజులా కరిగి, బుడగలతో ముద్ద కట్టింది. అందుకే వెనకటి తెల్లవాళ్ళు అగ్నిపర్వతమనీ, కొలిమి అనీ రకరకాలుగా ఊహించారు. అసలు పదార్థం ఆవుపేడేనని జ్యూనర్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో పరీక్షించి 1960లో తేల్చాడు. గడ్డిలోని సిలికా కరగాలంటే పేడ పెద్ద గుట్టగా ఉండి లోపల వేడి చాలాసేపు నిలవాలి. దొడ్డి ఊడ్చి ఓ మూల అంటించే మంటతో అది కాదు. పైగా ఉట్నూరులో ఒకసారి జరిగి ఆగలేదు. కాల్చారు, మళ్ళీ కంచె వేశారు, మందను తోలారు, మళ్ళీ కాల్చారు.

పెంటకుప్ప_వాది
మళ్ళీ మళ్ళీ కాల్చినంత మాత్రాన పండగ అయిపోదు. మునిసిపాలిటీ వాళ్ళు కూడా చెత్తకు మళ్ళీ మళ్ళీ నిప్పు పెడతారు.

అసలు ఆల్చిన్ తర్వాత జరిగిన పెద్ద పని చూడండి. 1990లలో పుణె దక్కన్ కాలేజీ నుంచి పురావస్తు శాస్త్రవేత్త పద్దయ్య గారు కర్ణాటకలో గుల్బర్గా వైపు బూదిహాళ్ దిబ్బను తవ్వారు. ఆల్చిన్ చెప్పినట్టు అడవిలో మందల మకాం కాదు అక్కడ. దిబ్బ పక్కనే ఇళ్ళు, చిన్నపిల్లల్ని పూడ్చిన కుండలు, రాతి పనిముట్లు చెక్కిన చోటు, పశువుల్ని కోసిన చోటు అన్నీ ఉన్నాయి. అంటే ఊరు. దొడ్డి ఒకపక్క, అందులోంచి ఎత్తిపోసిన పేడ మరోపక్క, అప్పుడప్పుడు దానికి నిప్పు. నేను చెప్పేది అదే.

బళ్ళారి_తెలుగోడు
ఈ దిబ్బల గురించి ఎవరికి తోచింది వాళ్ళు చెప్పడం కొత్తేం కాదు బ్రో. హంపీ పక్కన నింబాపురం దిబ్బ గురించి అక్కడివాళ్ళను అడగండి, వాలిని దహనం చేసిన బూడిద అంటారు. విజయనగర చరిత్ర రాసిన సూయెల్ దొర మా వైపు దిబ్బ చూసి విజయనగర కాలంలో జరిగిన సామూహిక దహనాల బూడిద అనుకున్నాడు! పేడ, పశువుల మకాం అన్న దారి పట్టింది భూగర్భ శాస్త్రవేత్త బ్రూస్ ఫుట్, అదీ పందొమ్మిదో శతాబ్దంలోనే.

ఇంకొక మాట. సంక్రాంతికి కర్ణాటకలో పశువుల్ని మంట మీదుగా దూకిస్తారు, కిచ్చు హాయిసువుదు అంటారు. అది చూస్తే ఆల్చిన్ చెప్పింది కొట్టిపారేయబుద్ధి కాదు.

మట్టిపెంకు
ఆ సంక్రాంతి పోలికే నాకు అన్నిటికంటే బలహీనంగా కనిపిస్తుంది, నేను ఆల్చిన్ వైపు ఉన్నా సరే. మధ్యలో మూడు వేల ఏళ్ళకు పైగా ఖాళీ ఉంది. ఇనుము వచ్చింది, వరి వచ్చింది, రాజ్యాలు వచ్చాయి, మందలు తోలేవాళ్ళ స్థానం మారిపోయింది. నేటి ఆచారం చూపించి నాటి మనసు చదవలేం. భోగి మంటను తీసేసినా ఆల్చిన్ వాదనలో కావాలనే మళ్ళీ మళ్ళీ కాల్చారన్నది మిగులుతుంది, ఆ మిగిలిందే గట్టిది.

బూదిహాళ్ దాన్ని పడగొట్టిందని నేననుకోను. ఇళ్ళు పక్కనే ఉంటే నిత్య జీవితం, దూరంగా ఉంటే పూజ అనే గీత మనం ఇప్పుడు గీసుకున్నది. మన ఊళ్ళో బొడ్రాయి ఊరి నడిమధ్యనే ఉంటుంది కదా. పేడ వదిలించుకోవడమే ఉద్దేశమైతే చుట్టూ వెదజల్లొచ్చు, వాగులో పోయొచ్చు. వాళ్ళు తరాలుగా ఒకేచోట పోశారు, దిబ్బ దూరానికి కనబడేంత ఎత్తు లేచింది. బళ్ళారి దగ్గరి కుడతిని దిబ్బ చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పురావస్తు శాస్త్రవేత్త పీటర్ యోహాన్సన్ 2004లో ఈ కోణమే పట్టుకున్నాడు: ఇది చెత్త పేరుకోవడం కాదు, కట్టడం. "ఇది మా మంద, మా చోటు" అని చెప్పే కట్టడం. చెత్తగా మొదలైందే అలా మారి ఉండొచ్చు కూడా.

పాలమూరు_కుర్రోడు
అన్నా, మరి అన్ని దిబ్బల్లోనూ ఆ గాజు ముద్ద ఉందా?

మట్టిపెంకు
లేదు తమ్ముడూ. కొన్నిటిలో మెత్తటి బూడిదే, కొన్ని పొరల్లో అసలు కాలని పేడ. అసలు చిక్కు అక్కడే. వందకు పైగా దిబ్బలున్నాయి, సరిగ్గా తవ్వినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఉట్నూరులో దొడ్డిలోనే కాల్చారు, బూదిహాళ్‌లో ఎత్తిపోసి కాల్చారు. రెండూ ఒకే పని అని ఎవరన్నారు? పండగా పెంటా అని మొత్తానికి ఒకే తీర్పు అడగడం మానేసి, ఏ దిబ్బ, ఏ పొర అని అడగాలి.

పెంటకుప్ప_వాది
సరే, పొరవారీగా చూద్దామంటే నాకూ అభ్యంతరం లేదు. కానీ గాజు ముద్ద లేని పొరలన్నీ నా ఖాతాలో వేయండి. గాజు ఉన్నవాటిలోనూ, ఎండిన పేడ గుట్టకు అనుకోకుండా నిప్పంటుకుంటే రోజుల తరబడి లోపల రగులుతూనే ఉంటుంది, ఎవరూ మంత్రం చదవక్కర్లేదు. అది కాదని నిరూపించే బాధ్యత మీది.

అనంత_రైతు
మీరిద్దరూ పొరలు పంచుకునే లోపు పొరలే మిగలవు సార్. కళ్యాణదుర్గం దగ్గర పాలవాయి దిబ్బను వెనకటికి పురావస్తు శాస్త్రవేత్త రామిరెడ్డి గారు తవ్వారు కాబట్టి దాని గురించి నాలుగు ముక్కలు తెలుసు. తవ్వని దిబ్బల బూడిదను రైతులు ఎరువుకని బండ్లకెత్తి చేలల్లో చల్లేసిన చోట్లు చాలా ఉన్నాయి, సంగనకల్లు కొండలనేమో గ్రానైట్ కోసం కొడుతున్నారు. రైతును తిట్టడం లేదు, నేనూ రైతునే. ఇది నాలుగు వేల ఏళ్ళనాటి దొడ్డి అని ఊళ్ళో ఎవరైనా వచ్చి చెబితే గదా. ముందు మీ జిల్లాలో ఎన్ని దిబ్బలు మిగిలాయో ఫోటోలు పెట్టండి, పాలవాయివి నేను ఆదివారం తీసి పెడతాను.