కీబోర్డ్ రికార్డ్ చేస్తుంటే హమ్ వస్తోంది, ఎలా పోగొట్టాలి?

సైనిక్‌పురిలో మా రాక్ బ్యాండ్‌కి ఎనిమిదేళ్లుగా కీబోర్డ్ వాయిస్తున్నాను, ఇప్పుడు మొదటిసారి వేరే బ్యాండ్ ఈపీకి (కొన్ని పాటల చిన్న ఆల్బమ్) నేనే ప్రొడ్యూసర్‌ని. అమెరికన్ రాక్ బ్యాండ్ టాకింగ్ హెడ్స్ కీబోర్డిస్ట్ జెర్రీ హారిసన్ 1994లో ‘లైవ్’ అనే బ్యాండ్ ఆల్బమ్ త్రోయింగ్ కాపర్‌కి ప్రొడ్యూసర్‌గా చేసిన పని విన్నప్పటి నుంచీ నాకూ ఇదే దారి అనిపించింది. కానీ మొదటి ట్రాక్ దగ్గరే ఆగిపోయాను.

కీబోర్డ్ లైన్ అవుట్‌లు రెండూ ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి (శబ్దాన్ని లాప్‌టాప్‌కి పంపే పెట్టె) వెళ్తాయి, మిడి (ఏ కీ నొక్కామో చెప్పే సిగ్నల్) కోసం అదే కీబోర్డ్ నుంచి యూఎస్‌బీ కేబుల్ లాప్‌టాప్‌కి వెళ్తుంది. లాప్‌టాప్ చార్జర్ పెట్టగానే 50, 100 హెర్ట్జ్ దగ్గర హమ్ (గుయ్‌మనే మోత), పైన సన్నగా కీచుమనే శబ్దం. చార్జర్ తీసేస్తే రెండూ పోతాయి, కానీ బ్యాటరీ గంటన్నరే వస్తుంది. యూఎస్‌బీ మిడి కేబుల్ పీకేసినా శబ్దం ఆగుతుంది, అందుకే ఇది గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్త్ ఒకటికంటే ఎక్కువ దారుల్లో కలిసి శబ్దం రావడం) అనుకుంటున్నా.

కోఠి గుజరాతీ గల్లీలో కొత్త కేబుళ్లు కొన్నాను, అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి పెట్టాను, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ కూడా చూపించాను, బాగానే ఉందన్నాడు. బయటి శబ్దాన్ని తగ్గించే బ్యాలెన్స్‌డ్ కేబుల్ వేసినా తేడా లేదు, కీబోర్డ్ అవుట్ అన్‌బ్యాలెన్స్‌డ్ కదా. చార్జర్ ఎర్త్ పిన్ తీసేయమని ఒకరన్నారు, షాక్ ప్రమాదం కాబట్టి ఆ పని మాత్రం చేయను.

ఆదివారం సెషన్ ఉంది, టెన్షన్‌గా ఉంది. ఒక్కదానికే డబ్బులున్నాయి: గ్రౌండ్ లిఫ్ట్ (ఆడియో కేబుల్ గ్రౌండ్‌ని విడదీసే స్విచ్) ఉన్న స్టీరియో పాసివ్ డీఐ బాక్స్ (కీబోర్డ్‌కీ ఇంటర్‌ఫేస్‌కీ మధ్య పెట్టే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె) కొనాలా, లేక యూఎస్‌బీ వదిలేసి 5 పిన్ మిడి కేబుల్‌కి మారితే రెండు శబ్దాలూ పోతాయా?