తాత పాడిన ‘మీరజాలగలడా’ సినిమా పాటా, నాటకం పాటా?

దేవరకొండ మనవడు:
మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. మా తాత ఆడవేషం కట్టేవాడు. హరిశ్చంద్ర నాటకం పెడితే చంద్రమతి ఆయనే. శివరాత్రి జాగారానికి మా నాయనమ్మ పెట్టెలోంచి పట్టుచీర పట్టుకుపోయేవాడట. తెల్లారి దాని మీద అర్దళం, అదే ముఖానికి పూసే రంగు, మరకలు చూసి ఆమె మూడు రోజులు మాట్లాడేది కాదట.

మొన్న తాత సంవత్సరీకానికి అందరం ఊళ్లో కలిశాం. మా చిన్నాయన ఫోన్లో సినిమా పాట పెట్టి, ‘మా నాయన ఇది సినిమా చూసే నేర్చుకున్నడు’ అన్నాడు. నాయనమ్మకు కోపం వచ్చింది. ‘మీ పెద్దక్క కడుపుల ఉన్నప్పుడే పాడుతుండె, అప్పుడు సినిమా ఎక్కడిది?’ అంది. మా పెద్దత్త పుట్టింది 1961లో. ఊళ్లో పిల్లలకు నాటకం నేర్పడానికి వచ్చిన హార్మోనియం మాస్టారు తాతకు ఆ పాట నేర్పాడని ఆమె మాట.

నాకు గుర్తున్నది ఒకటే. పాట ఎత్తుకునే ముందు తాత ‘స్థానం వారు’ అని చెవులు పట్టుకునేవాడు. ఎవరీ స్థానం వారు? ఆడవేషాలు వేసి అంత పేరు ఎట్లా వచ్చింది? ఇంకో సంగతి, మా తాతది మోటు గొంతు. అయినా ఆయన చంద్రమతి వేస్తే ఊరంతా ఏడ్చేదట. అదెట్లా?

పాలమూరు పంతులు:
బాబూ, నాయనమ్మగారే గెలిచారు. అందరికీ తెలిసిన శ్రీకృష్ణ తులాభారం సినిమా వచ్చింది 1966లో. జమున సత్యభామ, పాడింది సుశీల. అప్పటికి మీ పెద్దత్తకు అయిదేళ్లు. పాట అంతకు ఎంతో ముందు నాటకంలో ఉన్నది. ఆ నాటకం ముత్తరాజు సుబ్బారావుగారిది. ఈ పాట మాత్రం సత్యభామ వేసిన స్థానం నరసింహారావుగారు తనకోసం తాను రాసుకున్నదే. సినిమావాళ్లు దాన్ని వదులుకోలేక తీసుకున్నారు.

ఆయన 1902లో బాపట్లలో పుట్టారు. మీకు నచ్చే సంగతి చెప్తాను. ఆయన తొలి వేషం కూడా మీ తాతదే, చంద్రమతి. వేయాల్సిన మనిషి ఆ రోజు రాలేదు, ఈయన ముఖానికి రంగు పూసుకున్నారు. అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. తర్వాత తెనాలిలో రామవిలాస సభ అనే నాటక సమాజంలో సత్యభామ, చింతామణి, రోషనార, మధురవాణి, చిత్రాంగి, దేవదేవి వేశారు. ఇందులో ఇద్దరు ఒక్కలాంటి ఆడవాళ్లు లేరు చూడండి. 1956లో పద్మశ్రీ వచ్చింది, 1971లో పోయారు. సినిమాల్లోనూ కనిపించారు గానీ ఆయన స్టేజీ మనిషి.

పెట్టె వాయించేవాడు, అచ్చంపేట:
గొంతు సంగతి నేను చెప్తా తమ్మీ. నలభై ఏళ్లు హార్మోనియం వాయించిన.

నాటకాల్లో మంచి గొంతులకు కరువు లేకుండె. కపిలవాయి రామనాథశాస్త్రిగారి పద్యం వింటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తది. అట్లాంటోళ్లతో గొంతులో పోటీ పెట్టుకుంటే స్థానం వారికి నిలబడే చోటు లేదు. ఆయన పట్టుకున్నది మాటను.

‘మీరజాలగలడా’ అంటే ఏంది? నా మాట దాటగలడా అని. అది ప్రశ్న. మొగుణ్ని వ్రతం పేరుతో నారదునికి దానమిచ్చే ఆడమనిషి అడుగుతున్న ప్రశ్న. దాన్ని ఒకసారి గర్వంగా అనొచ్చు, ఒకసారి ముద్దుగా అనొచ్చు. లోపల ఎక్కడో భయం పెట్టుకొని, పైకి నవ్వుతూ కూడా అనొచ్చు. ఆయన అదే ఒక్క ముక్కను తిప్పి తిప్పి పాడేవారు, తిప్పిన ప్రతిసారీ ముఖం వేరు, చూపు వేరు. పెట్టె మీద నేను వాయించేది అవే స్వరాలు. మారేది మనిషి. నా దగ్గరికొచ్చిన పిల్లలకు ముందు ఈ ముక్కే ఇచ్చి, ‘నాలుగు తీర్లుగా అడుగుండ్రి, రాగం తర్వాత చూద్దాం’ అనేవాణ్ని. సగం మంది మర్నాడు రాకపోయేది.

అప్పట్లో కాంట్రాక్టు నాటకాలని ఉండేవి. ఒక ఊరి నుంచి కృష్ణుడు, ఇంకో ఊరి నుంచి అర్జునుడు, రిహార్సల్ లేకుండానే స్టేజీ మీద కలిసేవారు. పాండవోద్యోగ విజయాలు నాటకంలో ఒక్క రాత్రికి ఇద్దరు ముగ్గురు కృష్ణులు. జనం ఒన్స్ మోర్ అంటే చచ్చిపోయిన పాత్ర కూడా లేచి పద్యం అందుకునేది. రాగం సాగదీసి సాగదీసి కథను చంపేసినోళ్లు శానామంది, నేనూ వాళ్లకు వాయించిన, కడుపు కోసం. అందుకే నాకు స్థానం వారంటే అంత గౌరవం.

మీ తాత మోటు గొంతుతో ఏడిపించిండంటే ఆయనకు మాట దొరికినట్టు. మంచి గొంతున్న చంద్రమతులు కొడుకు శవం ముందు కూర్చొని రాగంలో సంగతులు వేస్తుంటే నేను పెట్టె మూసేద్దామనుకున్న రోజులున్నయి.

నల్లగొండ అమ్మాయి:
అంతా బాగుంది. కానీ ‘ఆ రోజుల్లో ఆడవాళ్లు రంగమెక్కేవాళ్లు కాదు, అందుకే మగవాళ్లు వేశారు’ అని ఎవరో ఒకరు అనకముందే చెప్తున్నా. 1885లో కడప జిల్లాలో మొదలైన సురభి నాటక కుటుంబాల వాళ్లలో ఆడవేషాలు ఆడవాళ్లే వేశారు, ఇంట్లో వాళ్లంతా నటులే. మన తెలంగాణలో చిందు భాగవతం ఆడిన చిందు ఎల్లమ్మ మగవేషం కూడా కట్టింది. స్థానం వారు గొప్పవారు, కాదనను. పక్కనే ఉన్న వీళ్లను ఎందుకు మర్చిపోతాం?

పాలమూరు పంతులు:
నిజమే తల్లీ. నేనే రాయాల్సింది. పరువు పేరు చెప్పి ఇంటి ఆడవాళ్లను రానివ్వని నాటక సమాజాలు వేరు, కుటుంబంతో బండి కట్టుకొని ఊరూరా తిరిగిన సురభి వేరు.

దేవరకొండ మనవడు:
అందరికీ దండాలు. నిన్న రాత్రి ఇదంతా నాయనమ్మకు చదివి వినిపించా. చిన్నాయన పక్కనే ఉన్నాడు, 1966 అనగానే లేచి బర్రెలకు గడ్డి వేయడానికి వెళ్లాడు. పెట్టె వాయించే పెద్దాయన రాసింది నాయనమ్మ రెండుసార్లు చదివించుకుంది. తాత కూడా పొలం గట్టు మీద ఆ ఒక్క ముక్కనే తిప్పి తిప్పి అనుకుంటుంటే పిచ్చి పట్టిందేమో అనుకుందట.

తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. పడుకోబోతూ అడిగింది: ‘ఆ స్థానం వారి చీరలు ఎవరు ఉతికేటోళ్లో?’