అండర్-12 లీగ్: జోన్ వద్దని రాశాం, పట్టుకునేదెలా?

కోర్ట్‌సైడ్ (వైట్‌ఫీల్డ్, బెంగళూరు):
నమస్తే అండి. ఇటువైపు అపార్ట్‌మెంట్లు కలిసి ఆడించే అండర్-12 బాస్కెట్‌బాల్ లీగ్‌కి రూల్స్ రాస్తున్నాం. జోన్ (ఎవరి చోటు వాళ్లు కాయడం) లేదు, మ్యాన్-టు-మ్యాన్ (ఎవరి మనిషిని వాళ్లు కాయడం) మాత్రమే. ఫుల్ కోర్ట్ ప్రెస్ (కోర్టు అంతా అవతలి టీమ్ మీదపడి కాయడం) చివరి 2 నిమిషాల్లోనే. రాయడం తేలికే. కోర్టులో మాత్రం ఒక కోచ్ 'అది జోన్' అంటాడు, ఇంకొకాయన 'కాదు, హెల్ప్ (పక్కవాడికి సాయంగా రావడం)' అంటాడు, మధ్యలో రెఫరీ నలిగిపోతాడు. ఎవరు చూడాలి, దేన్నిబట్టి తేల్చాలి, శిక్ష ఏంటి?

పాత విజిల్:
ముందు ఆ బరువు రెఫరీల మీంచి తీసేయండి. ఉన్న ఇద్దరిలో ఒకరి కన్ను బంతి మీద, ఇంకొకరిది రింగు కింద తోపులాట మీద. అవతలి వైపు ఎవరు ఎవర్ని కాస్తున్నారో చూసే తీరిక వాళ్లకుండదు. జపాన్‌లో 15 ఏళ్ల లోపు పిల్లలకి జోన్ నిషేధం. అక్కడ ఇందుకోసమే ఒక మనిషి పసుపు జెండా, ఎర్ర జెండా పట్టుకుని కూర్చుంటారు. మీరూ టేబుల్ దగ్గర ఒకర్ని పెట్టండి. ఆడుతున్న టీముల తల్లిదండ్రులు మాత్రం వద్దు.

ఆ మనిషి చూడాల్సింది ముఖ్యంగా కట్. అటాక్‌లో ఉన్న అమ్మాయి ఎడమ మూల నుంచి రింగు కిందుగా కుడి మూలకి పరిగెత్తింది. ఆమెని కాస్తున్న పిల్ల వెంట వెళ్లిందా, రెండడుగులేసి పక్కమ్మాయికి అప్పజెప్పి తన చోటికే వచ్చేసిందా? ఒకసారైతే స్విచ్ అనుకోవచ్చు. వరసగా రెండు కట్‌లకీ ఐదుగురూ ఎక్కడివాళ్లక్కడే ఉంటే అది 2-3 జోనే (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు), కోచ్ దానికి ఏ పేరు పెట్టినా సరే.

ఫాస్ట్ బ్రేక్‌లో (బంతి దొరగ్గానే వేగంగా దూసుకొచ్చే దాడిలో) ఎవరు దొరికితే వాళ్లని పట్టుకోవడం తప్పు కాదు. బంతి సగం గీత దాటాక 5 సెకన్లు ఆగి లెక్క మొదలుపెట్టండి.

స్కోర్‌షీట్:
శిక్ష సంగతి. జెండా లేచిందని ఆట ఆపొద్దు. ఆపితే ఖాళీగా దొరికిన షాట్ అటాక్ టీమ్ చేజారుతుంది. బంతి డెడ్ అయ్యాక (ఆట ఆగాక) మొదటిసారి కోచ్‌కి హెచ్చరిక. మళ్లీ చేస్తే టెక్నికల్ ఫౌల్ (తాకిడి లేని తప్పుకి వేసేది): ఒక ఫ్రీ త్రో, తర్వాత బంతి ఎవరి దగ్గరుంటే వాళ్లకే.

దీన్ని పిల్లల పేరు మీద రాయొద్దు. రాస్తే వాళ్లని బయటికి పంపే ఐదు ఫౌల్స్‌లో ఒకటి పోతుంది, టీమ్ ఫౌల్స్‌లోనూ కలుస్తుంది. అక్కడ నిలబడమన్నది కోచ్ కదా! కోచ్ మీద కూడా 'సి' (కోచ్ సొంత తప్పు) కాకుండా 'బి' (బెంచ్ ఖాతా) అని రాయండి. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్‌లో 'సి' రెండైతే కోచ్ బయటికే, 'బి' అయితే మూడు దాకా ఆగుతుంది. ఈ మాట రూల్స్‌లో ముందే లేకపోతే టేబుల్ దగ్గర గొడవ ఖాయం.

ప్రెస్ విషయంలో పేచీ అంతా రీబౌండ్ (షాట్ తప్పి తిరిగొచ్చిన బంతి) దగ్గరే. రెండు చేతులతో బంతి పట్టుకోగానే రెఫరీ 'బ్యాక్' అని గట్టిగా అనాలి. ఆ తర్వాత కూడా మీదపడితే అది ప్రెస్. 8 సెకన్ల లెక్క (అంతలోపు బంతి సగం గీత దాటాలి) మాత్రం వదలొద్దు, లేకపోతే ముందున్న టీమ్ తీరిగ్గా నడిచొస్తుంది. మీ కోర్టులు 28 మీటర్లు ఉండవు కాబట్టి సగం గీత దాటగానే ఇద్దరు మూసేస్తారు, పాపం బంతి తెచ్చేవాడికి వెనక్కి వెళ్లే వీలుండదు. గీతకి 2 మీటర్లు లోపల టేప్ వేసి, డిఫెన్స్‌ని అక్కణ్ణుంచి మొదలుపెట్టమనండి.

లెఫ్ట్ హ్యాండ్ లేఅప్:
పైవి బాగున్నాయి, ఒక చిల్లు మిగిలింది. హెల్ప్‌ని మరీ బిగిస్తే అటాక్ కోచ్ నలుగుర్ని ఒక మూలన నిలబెట్టి, బాగా ఆడేవాడి చేతికి బంతి ఇచ్చేస్తాడు. మ్యాచంతా ఒక్కడే. అందుకే కీ (రింగు ముందు గీసిన చోటు) బయట డబుల్ టీమ్ (ఒకడి మీద ఇద్దరు) వద్దు, కీ లోపలికొస్తే ఎవరైనా ఆపొచ్చు అని రాయండి. బంతి లేని వైపు డిఫెండర్ కీ మధ్య దాకా రావచ్చు, బంతి బయటికెళ్తే తన మనిషి దగ్గరికి వెళ్లిపోవాలి. అసలు జోన్ వద్దనేదే ఎందుకు? ఈ వయసు చేతులకి దూరం షాట్, కోర్టు ఈ చివర్నుంచి ఆ చివరికి పాస్ అందవు. రింగు కింద గుంపు కట్టినవాళ్లు ఏమీ నేర్చుకోకుండానే గెలుస్తారు. హెల్ప్ అలా కాదు, అది నేర్చుకోవాల్సిన పని.

కోర్ట్‌సైడ్:
'బి' సంగతి, టేప్ సంగతి ఇవాళే రాసేస్తున్నా. 15 పాయింట్లు ముందున్న టీమ్‌కి కూడా చివరి 2 నిమిషాల్లో ప్రెస్ ఇవ్వాలా?

స్కోర్‌షీట్:
ఇవ్వొద్దు. వెనకబడ్డవాళ్లకే ఇవ్వండి.