మూఢంలో క్యాటరింగ్ రేటు తగ్గించాలా, వద్దా?

రాజాం క్యాటరింగ్:

మేము అన్నదమ్ములం రాజాంలో పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు భోజనాలు చేయిస్తుంటాము. ముహూర్తాలున్న నెలల్లో ఒకే రాత్రికి మూడు నాలుగు చోట్ల నుంచి పిలుపులు వస్తాయి. అన్నీ చేయలేక కొన్నింటిని వదులుకుంటాము. మూఢం గానీ ఆషాఢం గానీ వచ్చిందంటే పెద్ద పొయ్యి వెలిగించే అవసరమే ఉండదు. 2024లో ఏప్రిల్ చివర మొదలైన శుక్రమూఢం జులై దాకా సాగి, దానికి ఆషాఢం కూడా తోడు కావడంతో, ఆగస్టులో శ్రావణం వచ్చేదాకా పెళ్లి భోజనం అన్న మాటే వినపడలేదు. ఇప్పుడు మా ఊళ్లోనే మరొకరు మూఢం నెలల్లో ప్లేటుకు 40 రూపాయలు తగ్గిస్తామని వాట్సాప్‌లో ప్రకటన పెట్టారు. మనమూ తగ్గించాలని తమ్ముడు అంటున్నాడు, నాకు మనసొప్పడం లేదు. అనుభవమున్నవారు కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

శ్రీకాకుళం లెక్కలు:

చిన్న వ్యాపారాల ఖాతాలు చూసే వృత్తిలో ఉన్నవాడిగా, తగ్గించడంలో తప్పు లేదని చెబుతాను. పలాస జీడిపప్పు వ్యాపారి ఈ నెల అమ్ముడుపోని సరుకును గోదాములో పెట్టి వచ్చే నెల అమ్ముకోగలడు. మీ వంటశాల ఈ రోజు ఖాళీగా ఉంటే ఆ రోజు సంపాదన మళ్లీ రాదు. షెడ్డు అద్దె, వ్యాను వాయిదా మాత్రం ఆగవు. కాబట్టి సరుకులు, గ్యాసు, కూలి పోను ప్లేటుకు 20 రూపాయలు మిగిలినా అది అద్దెకు పనికొస్తుంది. అయితే ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఇలాంటి క్యాటరింగ్‌కు 2019 అక్టోబరు నుంచి సాధారణంగా 5 శాతం జీఎస్టీయే వర్తిస్తున్నా, కొనుగోళ్లపై కట్టిన పన్నును తిరిగి సర్దుకునే వీలు లేదు. కమర్షియల్ సిలిండరుపై కట్టే 18 శాతం మీ ఖర్చులోనే ఉండిపోతుంది. దానిని లెక్కలో వేసుకోకుండా రేటు తగ్గిస్తే, మిగిలిందనుకున్నది నిజానికి మిగలదు.

నాగావళి:

లెక్కలు గారు చెప్పిన సూత్రం సరైనదే గానీ, అది ఇక్కడ వర్తిస్తుందని నేను అనుకోను. సేవల వ్యాపారంలో గిరాకీకీ సామర్థ్యానికీ పొత్తు కుదర్చడం గురించి అమెరికా ఆచార్యుడు డబ్ల్యూ. ఎర్ల్ సాసర్ 1976లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూ అనే మేనేజ్‌మెంట్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. అందులో ధరలో తేడా చూపడం ఒక మార్గమని చెప్పిన మాట నిజమే. కానీ ధర తగ్గించినందుకు ఫలితం దక్కాలంటే, రద్దీ వేళకు వచ్చేవారిలో కొందరైనా ఖాళీ వేళకు జరగగలగాలి. భోజనం చవకగా వస్తుందని కూతురి పెళ్లి మూఢంలో పెట్టుకునే ఇల్లు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నాకు తెలిసి లేదు. అలాంటప్పుడు తగ్గింపు ఎవరికి అందుతుంది? పెద్దకర్మకో, పుట్టినరోజుకో ఎలాగూ మీ దగ్గరికే రావలసినవారికి అందుతుంది.

ప్లేటు 250 రూపాయలు, దాని మీద నేరుగా అయ్యే ఖర్చు 190 అనుకుందాం. మీకు 60 మిగులుతుంది. 40 తగ్గిస్తే మిగిలేది 20. పాత మిగులే రావాలన్నా మూడు రెట్లు ప్లేట్లు పెట్టాలి. పెళ్లిళ్లు లేని నెలల్లో రాజాంలో అన్ని ప్లేట్లు ఎక్కడి నుంచి వస్తాయి? పైగా భోజనాన్ని ముందుగా రుచి చూసి కొనేవారు అరుదు. వడ్డించేదాకా దాని నాణ్యత తెలియదు కాబట్టి చాలామంది రేటును బట్టే అంచనా వేసుకుంటారు. ఒకసారి 210కి పెట్టినవారిని మాఘంలో 250 అడిగితే, మొన్న 210కే గిట్టుబాటయింది కదా అని నిలదీస్తారు, అది న్యాయమైన ప్రశ్నే.

అసలు నష్టం మరొకచోట ఉంది. పని లేని నెలల్లో మీ సప్లై కుర్రాళ్లు విశాఖకో, హైదరాబాదుకో వెళ్లిపోతారు. శ్రావణం వచ్చేసరికి అందరూ తిరిగి రారు. వారి స్థానంలో అప్పటికప్పుడు దొరికినవారిని నిలబెడతారు. మొదటి బంతి ఎలాగో గడుస్తుంది. మూడో బంతిలో ఆకు ముందు కూర్చున్న పెద్దాయనకు అన్నం, పప్పు వడ్డించి, నెయ్యి గిన్నె పట్టుకున్న కుర్రాడు పెళ్లికొడుకు స్నేహితుల వరుసలోనే ఉండిపోతే, ఆయన అన్నం కలపకుండా ఎదురుచూస్తూ ఉంటాడు. అవతల సాంబారు బకెట్ ఒకే వరుసకు రెండుసార్లు వస్తుంది, పక్క వరుసకు రానే రాదు. వంట మేస్త్రీ చేయి ఎంత మంచిదైనా, ఆ ఇంటివారికి గుర్తుండిపోయేది ఆ మూడో బంతే. తగ్గింపు కింద వదులుకునే డబ్బును మేస్త్రీకి, సప్లైలో ఆయువుపట్టులాంటి నలుగురికి ఖాళీ నెలల్లో సగం జీతంగా ఇవ్వండి. వచ్చే ముహూర్తాలకు అంతకు మించిన ప్రచారం లేదని నా గట్టి నమ్మకం.

బొబ్బిలి వాసి:

నాకు వ్యాపారం తెలియదు, భోజనాలు చెప్పుకునేవాళ్ల వైపు నుంచి ఒక మాట చెబుతాను. మా నాన్నగారి పెద్దకర్మకు మేము ఎవరినీ రేటు తగ్గించమని అడగలేదు. అడిగే స్థితిలో కూడా లేము. వంట చేసినవారు ముందురోజు ఇంటికి వచ్చి, నీళ్లు ఎక్కడి నుంచి పట్టుకోవాలో, ఎండ పడని చోటు ఏదో చూసుకుని, కార్యక్రమం ఎన్ని గంటలకు ముగుస్తుందో పురోహితుల్ని అడిగి తెలుసుకున్నారు. మేము ఎవరికీ ఏమీ చెప్పనవసరం లేకుండానే వేళకు విస్తళ్లు పరిచారు. ఆ తరువాత మా బంధువుల్లో రెండు ఇళ్లవారు ఆ వంటవారినే పిలిచారు. ప్లేటు ఎంత అని మాత్రం మొదట ఎవరూ అడగలేదు.

శ్రీకాకుళం లెక్కలు:

బొబ్బిలి వాసి గారి మాటను గౌరవిస్తాను. అయితే నాగావళి గారు చెప్పిన సగం జీతం ఏ ఆదాయంలోంచి ఇవ్వాలి? 2024లాగా మూడు నెలలకు పైగా ఖాళీ వస్తే, అయిదుగురికి సగం జీతమన్నా చిన్న వ్యాపారి అప్పు చేయవలసిందే. ఆ డబ్బు తీసుకున్న కుర్రాడు శ్రావణంలో మరెక్కడో ఎక్కువ కూలికి ఒప్పుకుంటే చేయగలిగిందేమీ లేదు. తగ్గింపు వల్ల వచ్చేది కొంచెమే అయినా చేతికి వస్తుంది కదా.

నాగావళి:

మీ సందేహం సబబైనదే. ఆదాయానికి నాకు రెండు దారులు కనిపిస్తున్నాయి. పెళ్లి మెనూనే తక్కువకు ఇచ్చే బదులు, 50 మందికి సరిపడే చిన్న మెనూ వేరే పేరుతో, వేరే రేటుతో పెట్టవచ్చు: పులిహోర, ఒక వేపుడు, పనసపొట్టు కూర, చారు, పెరుగు. ఇప్పుడు ఇంట్లోనే వండుకుంటున్న పుట్టినరోజులవారు దీనికి రావచ్చు, పెళ్లి రేటు చెక్కుచెదరదు. ఇక రెండోది, శ్రావణ ముహూర్తాలకు ఆషాఢంలోనే అడ్వాన్సు ఇచ్చినవారికి ఇప్పటి రేటే ఖాయం చేయడం. కుర్రాళ్లకు ఇచ్చేది కూడా ఊరికే ఇవ్వనక్కరలేదు. ముహూర్తాల కూలిలో కొంత సర్దుకునేలా ముందే మాట్లాడుకోవచ్చు. వెళ్లిపోయేవాడు అప్పటికీ వెళ్లిపోవచ్చు, అది నేను కాదనను.

శ్రీకాకుళం లెక్కలు:

చిన్న మెనూకు నా అభ్యంతరం లేదు. అడ్వాన్సుల విషయంలో మాత్రం భయం ఉంది. అది ఇంకా చేయని పనికి తీసుకున్న డబ్బు. దాన్ని జీతాలకు వాడేసి, శ్రావణంలో నూనె, కందిపప్పు ధరలు పెరిగితే ఖాయం చేసిన రేటుకు సరుకు తేవడానికి చేతిలో ఏమీ ఉండదు. సరుకుల మేర డబ్బు వేరే ఖాతాలో పెట్టి, మిగిలినదే ముట్టుకోవాలి.

రాజాం క్యాటరింగ్:

అందరికీ ధన్యవాదాలు. పెళ్లి మెనూ రేటు తగ్గించకూడదని, చిన్న మెనూ వేరుగా పెట్టాలని తమ్ముడూ నేనూ ఒక మాటకు వచ్చాము. కుర్రాళ్లకు ముందుగా డబ్బు ఇచ్చే విషయం ఇంకా తేలలేదు. అలా ఇస్తున్నవారు ఎవరైనా ఉంటే, కాగితం రాసుకుంటున్నారా, మేస్త్రీ పూచీ మీద ఇస్తున్నారా, ముహూర్తాల కూలిలో ఎంత చొప్పున సర్దుకుంటున్నారో తెలియజేయగలరు.