గుర్తుల్లేని డ్రమ్ములో 200 లీటర్లు ఎలా కొలవాలి? (మామిడికి మందు కలపడానికి)

తోటకాపు, చిత్తూరు:
మామిడికి కొట్టే మందు లీటరు నీళ్ళకు 2 మి.లీ. చొప్పున కలపాలి. నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఉంది. 200 లీటర్లదని చెప్పి అమ్మినారు గానీ లోపలా బయటా ఒక్క గీత లేదు. స్టీలు బిందె, పెద్ద బకెట్టు, ఇంట్లో 10 కిలోల కాటా ఉన్నాయి. బిందెతో ఎన్ని పోస్తే 200 లీటర్లు అవుతుంది? బకెట్టుతో కొలిస్తే మేలా, బిందెతోనా?

కాటారాయి, తిరుపతి:
బిందెతోనే కొలవండన్నా. కారణం మూతిలో ఉంది. బిందె మెడ దగ్గర అడ్డం 10 సెం.మీ. ఉంటే, నీళ్ళు 1 మి.మీ. అటూఇటూ అయినా తేడా 8 మి.లీ.లే. బకెట్టు మూతి 30 సెం.మీ. ఉంటే అదే 1 మి.మీ.కి 70 మి.లీ. పోతుంది. అంచుదాకా నింపి మోస్తే తొణికేది వేరే.

ఖాళీ బిందెను తడి లేకుండా తుడిచి తూయండి. మెడ మొదలయ్యే చోట మార్కరుతో గీత గీసి, అక్కడిదాకా నీళ్ళు పోసి మళ్ళీ తూయండి. ఉదాహరణకు ఖాళీది 1.600, నిండాక 14.350 కిలోలు అనుకుందాం. నీళ్ళు 12.750 కిలోలు. మన ఎండలకు నీళ్ళు 30 డిగ్రీలుంటే లీటరు 996 గ్రాములే తూగుతుంది కాబట్టి 12.75ని 0.996తో భాగిస్తే 12.8 లీటర్లు. మందు కలపడానికి ఆ తేడా పట్టించుకోకపోయినా నష్టం లేదు, కిలో అంటే లీటరే అనుకోండి. 15 బిందెలు పోస్తే 192 లీటర్లు. మిగతా 8 లీటర్లు బకెట్టులో తూచి పోయండి.

మీ 10 కిలోల కాటా మీద నిండు బిందె పెట్టకండి, లోపలి సెన్సారు వంగిపోతే ఆ తర్వాత అన్ని తూకాలూ తప్పే. కొక్కెంతో వేలాడదీసే 50 కిలోల కాటా వాడండి. లేదంటే బకెట్టులో విడతకు 5 కిలోలు తూచి, గీత దాకా బిందె నింపుకోండి. బకెట్టు అడుగు అంకెలను కప్పేస్తే, కాటా మీద చిన్న గిన్నె బోర్లించి, సున్నా నొక్కి, దాని మీద బకెట్టు పెట్టండి. సున్నా నొక్కినా గిన్నె, బకెట్టు బరువులు ఆ 10 కిలోల్లోనే లెక్క. ముందుగా అంగడిలో ముద్ర ఉన్న 1 కిలో, 5 కిలోల రాళ్ళు పెట్టి కాటా సరిగా ఉందా చూసుకోండి.

చెంబుతో లెక్కపెట్టడం మాత్రం వద్దు. లీటరు చెంబులో ప్రతిసారీ 20 మి.లీ. ఎక్కువ పడితే 200 చెంబులకు 4 లీటర్ల తేడా.

నీటిమట్టం:
బిందె లెక్క ఒక్కసారి చాలు, ఆ రోజే డ్రమ్ముకు గీతలు గీసేయండి. డ్రమ్మును ఎప్పుడూ ఉంచే చోటే, మట్టంగా నిలబెట్టి మొదలుపెట్టండి. 20 లీటర్లు పోసిన ప్రతిసారీ నీళ్ళు కదలకుండా నిలిచాక బయట పెయింటు మార్కరుతో గీత. నీలం డ్రమ్ముకు అవతలి వైపు టార్చి వేస్తే నీటి అంచు కనిపిస్తుంది. కనిపించకపోతే మేస్త్రీలు వాడే లెవెల్ ట్యూబు ఒక కొన నీళ్ళలో ముంచి, రెండో కొన నుంచి నీళ్ళు లాగి డ్రమ్ము బయట ఆనించి పట్టుకోండి. ట్యూబులో గాలి బుడగ ఉంటే మట్టం తప్పు చూపిస్తుంది, బుడగలన్నీ పోయేదాకా నీళ్ళు వదలండి.

స్కేలు పెట్టి సమానంగా గీతలు గీస్తే కుదరదు. అడుగు వంపు తిరిగి ఉంటుంది, మధ్యలో కట్లుంటాయి. అడ్డం 56 సెం.మీ. ఉన్న చోట 1 సెం.మీ. అంటే దాదాపు 2.5 లీటర్లు. నేల ఒక వైపుకు 2 సెం.మీ. వాలితే ఎదురెదురు వైపుల మట్టం అంత తేడాగా కనిపిస్తుంది, అందుకే రెండు వైపులా గీసి సగటు తీసుకోండి.

టేపుతో సరిచూసుకోవచ్చు: చుట్టుకొలతను దానితోనే గుణించి, ఎత్తుతో గుణించి, 12.57తో భాగిస్తే మి.లీ. వస్తాయి (కొలతలు సెం.మీ.లో). 176 చుట్టుకొలత, 80 ఎత్తుకు 197 లీటర్లు. అయితే అది బయటి కొలత. ప్లాస్టిక్ మందం 3 మి.మీ. తీసేస్తే 193కు దిగుతుంది. కాబట్టి ఇది సరిచూసుకోవడానికే, గీతలు పోసిన నీళ్ళనుబట్టే.

కాటారాయి, తిరుపతి:
200 గీతకు మందు 400 మి.లీ. నిండుగా నింపితే 215 లీటర్లు పట్టే డ్రమ్ములో అదే 400 పోస్తే లీటరుకు 1.86 మి.లీ.కి పడిపోతుంది. మందును మాత్రం తూచి మి.లీ. అనుకోకండి. దాని సాంద్రత నీళ్ళది కాదు, కొలపాత్రతోనే కొలవాలి. సగం నీళ్ళు, తర్వాత మందు, ఆపైన గీత దాకా నీళ్ళు. మందు తగిలిన కొలపాత్ర, బకెట్టు మళ్ళీ వంటింట్లోకి రాకూడదు.

తోటకాపు, చిత్తూరు:
కొక్కెం కాటాకు బిందె తగిలిస్తే ఊగుతుంది, అంకె నిలవడం లేదు. తాడు ఎట్లా కట్టాలి?

నీటిమట్టం:
బావిలో చేదేటప్పుడు వేసినట్టే మెడకు ఉచ్చుముడి వేసి, ఒక చుట్టు ఎక్కువ తిప్పండి. కాటాను చేత్తో పట్టుకోకండి, దూలానికో గట్టి కొమ్మకో కట్టండి. బిందె నేలకు జానెడు పైన ఉంటే చాలు, జారినా సొట్ట పడదు. ఊపు ఆగాక చూడండి. ఖాళీ బిందెను కూడా అదే తాడుతోనే తూయాలి.