సీఓపీడీకి పీల్చే స్టెరాయిడ్ మానేయొచ్చా?

ప్రశ్న: అన్నా, మాది పుత్తూరు. నాయనకు 64 ఏళ్లు. ముప్పై ఏళ్లు బీడీలు తాగి రెండేళ్ల కింద మానేశాడు. అలిపిరి మెట్లెక్కి కొండకు పోయే మనిషి, ఇప్పుడు బస్టాండు దాకా నడవలేడు. తిరుపతిలో గొట్టంలో ఊదించి సీఓపీడీ, అంటే శ్వాసనాళాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు అన్నారు. స్టెరాయిడ్ కలిసిన పీల్చే క్యాప్సూళ్లు, శ్వాసనాళాలు వదులయ్యేందుకు థియోఫిలిన్ మాత్ర ఇచ్చారు. మూడు నెలలైనా తేడా లేదు. మందుల షాపాయన 'స్టెరాయిడ్ అలవాటైపోతుంది, ఆపెయ్' అంటున్నాడు. ఇంట్లో ఒకటే టెన్షన్.

జవాబు: తమ్ముడూ, అది అలవాటయ్యే మందు కాదు. సొంతంగా ఆపొద్దు. అయితే స్టెరాయిడ్ అందరికీ కావాలా అంటే, అక్కర్లేదు. ఉబ్బసానికి అదే అసలు మందు. సీఓపీడీకి ముందు ఇచ్చేది శ్వాసనాళాలను ఎక్కువసేపు తెరిచి ఉంచే మందు. 2007లో వచ్చిన టార్చ్ అధ్యయనంలో సుమారు 6,000 మందిని మూడేళ్లు చూశారు. రెండూ కలిపి పీల్చినవాళ్లకు ఆయాసం ఒక్కసారిగా ముదరడం తగ్గింది, కానీ స్టెరాయిడ్ వాడినవాళ్లలో న్యుమోనియా పెరిగింది. అందుకే ఇప్పుడు రక్తంలో ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఎన్ని ఉన్నాయో చూస్తారు. మైక్రోలీటరుకు 300 దాటి, ఆయాసం తరచూ ముదురుతుంటే స్టెరాయిడ్ బాగా పనిచేస్తుంది. 100 లోపుంటే లాభం తక్కువ. నాయన రిపోర్టులో ఎంతుందో చూడు.

ఇక థియోఫిలిన్. నాకు ఆ మాత్ర మీద పెద్దగా నమ్మకం లేదు. బ్రిటన్‌లో 1,500 మందికి పైగా పీల్చే స్టెరాయిడ్‌తో పాటు తక్కువ డోసులో ఇచ్చి చూస్తే, ఆయాసం ముదరడం ఏమాత్రం తగ్గలేదని 2018లో తేలింది. పైగా ఎవరైనా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే ఈ మాత్ర సంగతి తప్పకుండా చెప్పాలి. రెండూ కలిస్తే రక్తంలో థియోఫిలిన్ పెరిగి వాంతులు, గుండెదడ వస్తాయి.

ముందు ఒక పని చెయ్. నాయన మందు ఎలా పీలుస్తున్నాడో పక్కన నిలబడి చూడు.

ప్రశ్న: చూశానన్నా. క్యాప్సూల్ నీళ్లతో మింగుతున్నాడు! పీల్చే మిషను అట్టపెట్టెలోంచి బయటికే రాలేదు.

జవాబు: నవ్వొద్దులే, చాలా ఇళ్లలో ఇదే కథ. క్యాప్సూల్ మిషనులో పెట్టి, ఊపిరంతా బయటికి వదిలి, నోటితో గట్టిగా, లోతుగా పీల్చాలి. పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకుంటే నోట్లో తెల్లపూత వస్తుంది. రేపు మిషనుతో సహా డాక్టరు దగ్గరికి తీసుకుపో. ఈ మూడు నెలలు మందు ఊపిరితిత్తుల దాకా పోనేలేదని ముందే చెప్పు. లేకపోతే ఇది పనిచేయలేదనుకుని ఇంకా పెద్ద మందు రాసేస్తారు.